గుర్రానికి దొరికిపోయిన మనుషులు

మనస్తత్వశాస్త్రం చదివేవాళ్లకు పెళ్లిళ్లలోనూ రైలు ప్రయాణాల్లోనూ తప్పని ప్రశ్న ఒకటుంది. "సైకాలజీనా? అయితే ఇప్పుడు నా మనసులో ఏముందో చెప్పండి చూద్దాం!" అడిగేవాళ్లు నవ్వుతూనే అడుగుతారు గానీ, ఆ నవ్వు వెనక గట్టి సందేహమే దాగి ఉంటుంది. గుండె చప్పుడు వినడానికి స్టెతస్కోపు ఉంది. రక్తపు చుక్కను గాజుపలక మీద పెట్టి చూడొచ్చు. మనసు కంటికి కనబడదు, చేతికి చిక్కదు. దాన్ని పరీక్షించడమేమిటి, ఆ పరీక్షకు శాస్త్రమని పేరు పెట్టడమేమిటి?

1879లో జర్మనీలోని లైప్‌సిగ్ విశ్వవిద్యాలయంలో విల్‌హెల్మ్ వుంట్ మనస్తత్వ ప్రయోగశాల తెరిచాడు. పాఠ్యపుస్తకాలు ఈ శాస్త్రం పుట్టుకను ఆ ఏడాది నుంచే లెక్కిస్తాయి. అక్కడ జరిగిన పనుల్లో ఒకటి వినడానికి చాలా చప్పగా ఉంటుంది: చప్పుడు వినబడగానే మీట నొక్కడానికి మనిషికి ఎంత సమయం పడుతుందో కొలవడం. కానీ కీలకమంతా అందులోనే ఉంది. మనసును నేరుగా చూడలేం, అది చేయించే పనిని మాత్రం చూడగలం. భయం కనబడదు, అరచేతిలో పట్టే చెమట కనబడుతుంది. జ్ఞాపకం కనబడదు, అప్పజెప్పిన ఇరవై మాటల్లో ఎన్ని తిరిగి చెప్పగలిగారో లెక్కపెట్టొచ్చు. కనబడని దానికి ఇలా కనబడే కొలతను ముడిపెట్టడాన్ని శాస్త్రజ్ఞులు ఆపరేషనల్ డెఫినిషన్ అంటారు. మనం కొలత నిర్వచనం అనుకుందాం.

కొలత దొరికితే పని అయిపోయినట్టేనని తొలినాళ్లలో చాలామంది అనుకున్నారు. అసలు చిక్కు కొలతలో కాక కొలిచేవాడిలో ఉందని తెలియడానికి మరో పాతికేళ్లు పట్టింది. ఆ పాఠం చెప్పింది ఏ ప్రొఫెసరో కాదు, ఓ గుర్రం.

బెర్లిన్‌లో లెక్కల గుర్రం

ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్లలో బెర్లిన్‌లో విల్‌హెల్మ్ ఫాన్ ఆస్టెన్ అనే విశ్రాంత లెక్కల మాస్టారు ఉండేవాడు. జంతువులకూ తెలివి ఉంటుందని, చెప్పేవాడుంటే అవీ చదువుకుంటాయని ఆయన నమ్మకం. హాన్స్ అనే తన గుర్రాన్ని నల్లబల్ల ముందు నిలబెట్టి, బడిపిల్లలకు చెప్పినట్టే ఏళ్ల తరబడి ఓపిగ్గా పాఠాలు చెప్పాడు. చివరికి హాన్స్ కూడికలు, తీసివేతలు, భిన్నాలు కూడా చేయసాగింది. గడియారం చూసి టైము చెప్పేది. జవాబు ఎంతయితే అన్నిసార్లు గిట్టతో నేలను తట్టేది.

ఇంటి ముంగిట జనం గుమిగూడేవారు. ఫాన్ ఆస్టెన్ పైసా పుచ్చుకోలేదు. ఇది గమనించాల్సిన విషయం, ఎందుకంటే మోసగాడని కొట్టిపారేయడానికి వీల్లేకుండా పోయింది. 1904 సెప్టెంబరులో కార్ల్ ష్టుంఫ్ అనే మనస్తత్వశాస్త్రవేత్త పెద్దరికంలో ఓ సంఘం కూర్చుంది. జంతువుల వైద్యుడు, సర్కస్ యజమాని, అశ్వదళ అధికారి, బడిపంతుళ్లు అందులో ఉన్నారు. అంటే గుర్రాల సంగతీ గారడీల సంగతీ తెలిసినవాళ్లే. అందరూ చూసి, మోసమేమీ లేదని సంతకాలు పెట్టారు.

ష్టుంఫ్ మాత్రం అక్కడితో ఆగలేదు. తన శిష్యుడు ఆస్కర్ ఫుంగ్‌స్ట్‌కు పని అప్పగించాడు. ఫుంగ్‌స్ట్ ప్రశ్న వేరు. గుర్రానికి లెక్కలొచ్చా అని అతను అడగలేదు. ఏం మారిస్తే గుర్రం తప్పులు చేస్తుంది అని అడిగాడు. రెండూ ఒకటే అనిపించవచ్చు గానీ కావు. మొదటి ప్రశ్నకు జవాబు కావాలంటే చూస్తూ కూర్చుంటే చాలు. రెండోదానికి చెయ్యి పెట్టి ఒక్కొక్కటే మార్చి చూడాలి. ఒక్క సంగతి మార్చి, తక్కినవన్నీ ఉన్నచోటే ఉంచడమే ప్రయోగమంటే.

ముందు ఫాన్ ఆస్టెన్‌ను పక్కకు తప్పించి వేరేవాళ్ల చేత ప్రశ్నలు వేయించాడు. గుర్రం సరిగ్గానే చెప్పింది. యజమాని రహస్య సంకేతాలిస్తున్నాడన్న అనుమానం తీరిపోయింది. తర్వాత అంకెలున్న అట్టముక్కలు తెచ్చాడు. కొన్నిసార్లు ప్రశ్న అడిగేవాడు ముందుగా అట్ట చూస్తాడు, కొన్నిసార్లు చూడకుండా గుర్రానికి మాత్రమే చూపిస్తాడు. ఫలితం నమ్మలేనంత తేటగా వచ్చింది. అడిగేవాడికి జవాబు తెలిసినప్పుడు హాన్స్ పదింట తొమ్మిది దాకా సరిగ్గా చెప్పింది. అడిగేవాడికి తెలియనప్పుడు పదింట ఒక్కటి కూడా నికరంగా చెప్పలేకపోయింది. అడిగే మనిషి కనబడకుండా కళ్లకు పక్క గంతలు కడితే గుర్రం బెంబేలెత్తి, అతణ్ని చూడటానికి మెడ తిప్పి గింజుకునేది.

అంటే హాన్స్ చదువుతున్నది అట్టను కాదు, మనిషిని. ప్రశ్న అడిగాక ఎవరైనా సరే గిట్ట వైపు చూడటానికి తల ఇసుమంత వంచుతారు. గుర్రం తట్టడం మొదలుపెడుతుంది. తట్టులు సరైన జవాబు దగ్గరికొచ్చేసరికి అడిగినవాడిలో బిగువు పెరుగుతుంది, ఆ అంకె రాగానే ఒక్కసారిగా సడలి తల వెంట్రుకవాసి పైకి లేస్తుంది. గుర్రం ఆగిపోతుంది. సంక్రాంతికి ఇంటిముందుకొచ్చే గంగిరెద్దు "అమ్మగారికి దండం పెట్టు" అనగానే తలాడిస్తుంది. అక్కడ సైగ తనదేనని గంగిరెద్దులాయనకు తెలుసు. బెర్లిన్‌లో మాత్రం సైగ చేసేవాడికే తాను సైగ చేస్తున్నట్టు తెలియదు.

ఫుంగ్‌స్ట్ ఇంకో అడుగు వేశాడు. ఈ పరిశోధనలో అందమంతా ఇక్కడే ఉంది. ప్రయోగశాలలో తానే గుర్రం వేషం కట్టాడు. ఎదుటివాళ్లు మనసులో ఓ అంకె తలుచుకోవాలి, అతను చేత్తో బల్ల మీద తడుతూ వాళ్ల తలలనే గమనిస్తాడు. ఇలా పరీక్షించిన పాతికమందిలో ఇద్దరు తప్ప అందరూ దొరికిపోయారు. సంగతంతా తెలిసిన తర్వాత కూడా గుర్రం ముందు నిలబడినప్పుడు తన తలను తాను అదుపు చేసుకోలేకపోయానని అతనే ఒప్పుకున్నాడు. అతని పుస్తకం 1907లో వచ్చింది. ఫాన్ ఆస్టెన్‌కు ఇదేమీ మింగుడుపడలేదు. కోపం మనిషి మీదికన్నా గుర్రం మీదికే ఎక్కువ మళ్లిందంటారు. రెండేళ్లకు కన్నుమూశాడు.

హాన్స్‌ను తెలివితక్కువదని అనలేం. పదముగ్గురు పెద్దమనుషుల సంఘం కనిపెట్టలేనిదాన్ని అది రోజూ కనిపెడుతూనే ఉంది.

తెలిసినవాడి చెయ్యి

ఈ కథ ఓ వింత జంతువుతో ముగిసిపోయి ఉంటే పాఠ్యపుస్తకంలో పేజీ కిందనున్న చిన్నక్షరాలకు పరిమితమయ్యేది. 1963లో అమెరికాలో రాబర్ట్ రోజెంథాల్ తన సహచరుడు ఫోడ్‌తో కలిసి దాన్ని విద్యార్థుల మీదికి మళ్లించాడు. పన్నెండుమందికి తలా అయిదు ఎలుకలిచ్చి, చిక్కుదారిలో నడిపించి ఎంత త్వరగా నేర్చుకుంటాయో చూడమన్నాడు. సగంమందికి "ఇవి తెలివైన సంతతి" అని, మిగతా సగానికి "ఇవి మందమతి సంతతి" అని చెప్పాడు. నిజానికి అన్నీ ఒకే రకం ఎలుకలు, ఎవరికి ఏవి వెళ్లాలో గుడ్డిగా పంచినవి. అయినా తెలివైనవనుకున్న ఎలుకలే బాగా నేర్చుకున్నాయి. వాటితో పనిచేసినవాళ్లు తమ ఎలుకలు చూడముచ్చటగా ఉన్నాయని, మరింత ప్రేమగా పట్టుకున్నామని రాశారు. ఎవరూ అబద్ధం ఆడలేదు, అంకెలు దిద్దలేదు. వాళ్ల నమ్మకం వేళ్లగుండా ఎలుకల దాకా చేరింది, అంతే.

2011లో కాలిఫోర్నియా పరిశోధకులు పోలీసు కుక్కలతో దాదాపు ఇదే చేశారు. ఓ చర్చి గదుల్లో మాదకద్రవ్యాలో పేలుడు పదార్థాలో దాచి ఉండవచ్చని, కొన్నిచోట్ల ఎర్ర కాగితం గుర్తుగా అంటించి ఉందని కుక్కలను నడిపించే వాళ్లకు చెప్పారు. నిజానికి అక్కడ ఏ పదార్థమూ లేదు. పద్దెనిమిది జట్లు వెతికాయి. రెండు వందలకు పైగా సార్లు "ఇక్కడుంది" అని తేల్చాయి.

ఈ జబ్బుకు ఫుంగ్‌స్ట్ వాడిన మందునే నేటికీ వాడుతున్నారు. ఏది అసలు మందో ఏది ఉత్తి చక్కెర మాత్రో రోగికి చెప్పకపోతే అది ఒకవైపు గంతల పరీక్ష. మందిచ్చే డాక్టరుకూ చెప్పకపోతే రెండువైపులా గంతలే. దీన్నే డబుల్ బ్లైండ్ అంటారు. వింటే అతి జాగ్రత్తలా ఉంటుంది. చదువుకున్నవాడికి, నిజాయతీపరుడికి ఇదంతా ఎందుకు అనిపిస్తుంది. ఫాన్ ఆస్టెన్ రెండూను.

అందరికీ సరిపోయే జాతకం

పరిశోధకుడొక్కడే కాదు, పరీక్షకు కూర్చున్నవాడూ తనను తాను నమ్మించుకోగలడు. 1948లో అమెరికన్ మనస్తత్వవేత్త బెర్ట్రమ్ ఫోరర్ తన క్లాసులో 39 మందికి వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, వారం తర్వాత ఒక్కొక్కరికీ వాళ్ల ఫలితమంటూ కాగితం ఇచ్చాడు. మీలో వాడుకోని శక్తి చాలా ఉందని, పైకి ధీమాగా కనబడినా లోపల దిగులు పడుతుంటారని, ఇలాంటి మాటలు అందులో ఉన్నాయి. ఎంత సరిగ్గా ఉందో సున్నా నుంచి అయిదు దాకా మార్కులు వేయమన్నాడు. సగటున 4.26 పడింది. తర్వాత కాగితాలు చదివించి చూస్తే అందరికీ ఇచ్చింది ఒకే కాగితం! అందులోని వాక్యాలు చాలావరకు అతను దుకాణంలో కొన్న జ్యోతిష పుస్తకంలోవి.

"నా రాశిఫలం నాకు అచ్చుగుద్దినట్టు సరిపోయింది" అనే మాట సాక్ష్యంగా ఎందుకు నిలబడదో దీంతో తెలిసిపోతుంది. సరిపోయిందా అన్నది సరైన ప్రశ్న కాదు. పక్కవాడి రాశిఫలంకన్నా ఎక్కువ సరిపోయిందా అని అడగాలి.

ఈ రెండో ప్రశ్నను మన దేశంలోనే పద్ధతిగా అడిగారు. ఖగోళ శాస్త్రవేత్త జయంత్ నార్లికర్ 2008లో పుణేలో గణాంకవేత్త సుధాకర్ కుంటే, నరేంద్ర దభోల్కర్, ప్రకాశ్ ఘాట్‌పాండేలతో కలిసి ఓ పరీక్ష పెట్టాడు. చదువులో చురుకైన వందమంది పిల్లలవి, మేధో వైకల్యం ఉన్న వందమంది పిల్లలవి జన్మ వివరాలు సేకరించి జాతకచక్రాలు వేయించారు. ముందుకొచ్చిన ప్రతి జ్యోతిష్కుడికీ నలభై జాతకాలు పంపి, ఏది ఏ గుంపుదో చెప్పమన్నారు. పంపినవి ఎవరివో చేతులు మారేటప్పుడు బయటపడకుండా సంకేత సంఖ్యలతో దాచారు. బొమ్మ, బొరుసు వేసి చెప్పినా నలభైలో ఇరవై దాకా సరిపోవాలి. జవాబులు తిప్పి పంపిన 27 మంది సగటు ఇరవైకి తక్కువే. అందరిలోకీ ఎక్కువ తెచ్చుకున్నవారికి 24 వచ్చాయి. మొత్తం రెండువందల జాతకాలూ చూసిన ఓ సంస్థ 102 సరిగ్గా చెప్పింది.

ఇరవైనాలుగు తెచ్చుకున్న ఒక్కరినే టీవీలో కూర్చోబెడితే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఇంతమంది పోటీ పడితే, నాణెం ఎగరేసినా ఎవరో ఒకరికి అన్ని రావడం మామూలే.

ఒక్క మాట మారితే

గంతలతో పాటు ఇంకో పనిముట్టు కావాలి: పోలిక. 1974లో అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ విద్యార్థులకు కార్ల ప్రమాదాల ఫిల్ములు చూపించి, కార్లు ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో ఒక్క క్రియ మాత్రం మార్చారు. కొందరిని కార్లు ఒకదానికొకటి తగిలినప్పుడు అని, కొందరిని గుద్దుకున్నప్పుడు అని, కొందరిని నుజ్జయ్యేలా ఢీకొన్నప్పుడు అని అడిగారు. అందరూ చూసినవి అవే ఫిల్ములు. అయినా "తగిలిన" వాళ్లు చెప్పిన సగటు వేగం గంటకు 32 మైళ్ల లోపు. "నుజ్జయిన" వాళ్లు చెప్పింది 40 దాటింది.

మాట వరసకు అలా చెప్పి ఉంటారు, జ్ఞాపకం మారిందని ఎలా అంటాం? ఈ అభ్యంతరం వాళ్లకూ తట్టింది. అందుకే రెండో ప్రయోగంలో 150 మందిని మూడు యాభైలుగా విడగొట్టారు. ఒక యాభైని "నుజ్జు" మాటతో, ఒక యాభైని "గుద్దుకోవడం" మాటతో వేగం అడిగారు. మూడో యాభైని వేగం గురించి అసలేమీ అడగలేదు. ఆ మూడోది పోలిక గుంపు, కంట్రోల్ గ్రూప్. వారం తర్వాత అందరినీ పిలిచి, పగిలిన అద్దం చూశారా అని అడిగారు. ఫిల్ములో పగిలిన అద్దమే లేదు. "నుజ్జు" విన్న యాభైమందిలో 16 మంది చూశామన్నారు. "గుద్దుకోవడం" విన్నవాళ్లలో ఏడుగురు, ఏమీ అడగనివాళ్లలో ఆరుగురు.

మూడో గుంపు లేకపోయి ఉంటే ఏమయ్యేది? లేని అద్దాన్ని చూశామనే ఆరుగురు ఎక్కడైనా ఉంటారని తెలిసేది కాదు. మొత్తం పదహారూ ఆ ఒక్క మాట ఖాతాలో పడేవి. సాక్షిని పోలీసులు ఏ మాటలతో ప్రశ్నించాలి అన్నది కోర్టుల్లో చర్చకు రావడానికి ఈ వరుస పరిశోధనలే చాలావరకు కారణం.

గుంపులు విడగొట్టడంలోనూ కిటుకుంది. ఎవరు ఏ గుంపులోకి వెళ్లాలో పరిశోధకుడు ఎంచకూడదు, వచ్చినవాళ్లనూ ఎంచుకోనివ్వకూడదు. చీటీలు తీసినట్టు పంచాలి. అప్పుడే కారు నడపడం వచ్చినవాళ్లు, కంటిచూపు తక్కువవాళ్లు, మొహమాటస్థులు అన్ని గుంపుల్లోకీ ఇంచుమించు సమానంగా చేరతారు.

అన్నిటికీ చీటీలు వేయలేం. దెబ్బలు తిన్న పిల్లలు ఎలా ఎదుగుతారో చూడటానికి సగంమందిని కొట్టమని ఎవరూ చెప్పరు. అక్కడ ఉన్నవాటిని ఉన్నట్టు గమనించి, ఏది దేనితో జంటగా నడుస్తోందో చూడాల్సిందే. ఈ జంటనడకను, అంటే కోరిలేషన్‌ను, కారణమని పొరబడితే పరిస్థితి నవ్వులపాలవుతుంది. 1970ల తొలినాళ్లలో తైవాన్‌లో గర్భనిరోధక సాధనాలు ఎవరు వాడుతున్నారో తెలుసుకోవడానికి పెద్ద సర్వే జరిగింది. అన్నిటికన్నా బాగా ముడిపడిన సంగతి ఇంట్లో ఎన్ని విద్యుత్ పరికరాలు ఉన్నాయన్నది! ఇంటింటికీ ఇస్త్రీపెట్టెలు పంచితే జనాభా తగ్గదని ఎవరికైనా తెలుసు. డబ్బు, చదువు ఆ రెంటినీ నడిపిస్తున్నాయి. ఇస్త్రీపెట్టె కాబట్టి నవ్వుకున్నాం. అదే చోట సెల్‌ఫోను, పిల్లల దిగులు అని పెడితే మరుసటి రోజు పేపర్లో శీర్షిక అవుతుంది.

మళ్లీ చేసి చూస్తే

ఇన్ని కట్టుదిట్టాలున్న శాస్త్రం తన ఇంటినే సరిగ్గా చూసుకోలేదన్న సంగతి 2010ల్లో బయటపడింది.

1996లో న్యూయార్క్‌లో జాన్ బార్గ్ బృందం ఓ ఫలితం ప్రకటించింది. ముసలితనాన్ని గుర్తుచేసే మాటలు కలిపిన వాక్యాలను సరిచేయమని కుర్రాళ్లకిస్తే, ఆ పని ముగించి వెళ్లేటప్పుడు వరండాలో నెమ్మదిగా నడిచారట. చెప్పుకోవడానికి భలే ముచ్చటగా ఉన్న ఈ సంగతి పాఠ్యపుస్తకాలకెక్కింది. నోబెల్ గ్రహీత డేనియల్ కానెమన్ 2011 నాటి తన పుస్తకంలో దీన్ని ఉదహరించి, ఇలాంటివి నమ్మక తప్పదన్నట్టు రాశాడు. 2012లో బ్రస్సెల్స్‌లో స్టెఫాన్ డోయెన్, సహచరులు 120 మందితో మళ్లీ చేశారు. నడకను స్టాప్‌వాచ్‌తో కాక కంటికి కనబడని పరారుణ కిరణాలతో కొలిచారు. తేడా ఏమీ రాలేదు.

తర్వాత వాళ్లు ప్రయోగం నడిపేవాళ్ల మీదే ప్రయోగం చేశారు. పదిమందిలో సగానికి "వచ్చినవాళ్లు నెమ్మదిగా నడుస్తారు" అని, సగానికి "వేగంగా నడుస్తారు" అని ముందే నూరిపోశారు. నెమ్మది అనుకున్నవాళ్ల చేతికింద జనం నిజంగానే నెమ్మదిగా నడిచారు, పరారుణ కొలత కూడా అదే చెప్పింది. వేగం అనుకున్నవాళ్ల స్టాప్‌వాచ్‌లు మాత్రం వేగాన్నే చూపించాయి. కిరణాల కొలతలో ఆ వేగం లేదు.

అదే ఏడాది కానెమన్ ఈ రంగపు పరిశోధకులకు బహిరంగ లేఖ రాసి, ఒకరి ప్రయోగాలను మరొకరు తిరిగి చేసి చూపండని కోరాడు. చిన్న చిన్న గుంపుల మీద చేసిన పరిశోధనలను అతిగా నమ్మానని తర్వాత తానే అంగీకరించాడు. 2015లో 270 మంది శాస్త్రవేత్తలు పెద్ద పత్రికల్లో వచ్చిన వంద అధ్యయనాలను మళ్లీ చేశారు. తొలిసారి వాటిలో 97 శాతం "ఫలితం ఉంది" అన్నాయి. రెండోసారి ఆ మాట అన్నవి 36 శాతం.

ఇంకో లోటును 2010లో జోసెఫ్ హెన్రిక్, మరో ఇద్దరు ఎత్తిచూపారు. పేరున్న పత్రికల్లోని ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లలో 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవాళ్లే. ప్రపంచ జనాభాలో ఆ దేశాల వాటా 12 శాతం. అందులోనూ చాలామంది కాలేజీ విద్యార్థులు. అంటే "మనిషి ఇలా ప్రవర్తిస్తాడు" అని పుస్తకంలో ఉన్నచోట గోదావరి జిల్లా రైతునో, పాలమూరు వలస కూలీనో ఎవరూ అడిగి ఉండరు. తెలుగు నేల మీద సైకాలజీ చదివే విద్యార్థులకు ఇది బెంగ పడాల్సిన విషయం కాదు, చేతినిండా పని దొరికే విషయం.

మళ్లీ చేస్తే ఫలితాలు నిలబడకుండా తిరగబెట్టిన ఆ జబ్బుకు ఇప్పుడు వేస్తున్న మందు మళ్లీ గంతలే, కాకపోతే ఈసారి అవి పత్రిక సంపాదకుడి కళ్లకు. ఏం చేయబోతున్నారో, ఏం వస్తుందని ఊహిస్తున్నారో, ఎలా లెక్కకడతారో పరిశోధకులు ముందే రాసిస్తారు. ఫలితం రాకముందే, ప్రశ్నా పద్ధతీ బాగున్నాయా లేదా అన్నదాన్నిబట్టి పత్రిక అచ్చుకు ఒప్పుకుంటుంది. వీటిని రిజిస్టర్డ్ రిపోర్టులంటారు. ముందే నమోదైన పరిశోధనలు అనొచ్చు. 2021లో ఆన్ షీల్, ఆమె సహచరులు ఈ రెండు దారుల్లో వచ్చిన వ్యాసాలను పక్కపక్కన పెట్టి లెక్కించారు. మామూలు దారిలో వచ్చిన మనస్తత్వ వ్యాసాల్లో పరిశోధకుల ఊహ నిజమైందని చెప్పినవి 96 శాతం. ముందే రాసిచ్చి చేసినవాటిలో 44 శాతం.